ఎండేట్లో ఏడో పెళ్ళికొడుకు

శ్రావణ శుద్ధ షష్ఠి నాడు, పొద్దు పడమటికి తిరిగిన కాసేపటికి, వాలుకాపురం దగ్గర ఎండేటికి వరద వచ్చింది. ఆ సమయంలో ఏటి నడుమ ఇసుకలో రెండు వందల మంది దాకా ఉన్నారు. వారిలో ఏడుగురు పెళ్ళికొడుకులు. ఏడోవాణ్ణి నేను. ఆ ఊళ్ళో నాకు పెళ్ళి కుదరలేదు.

జరిగింది జరిగినట్టు చెప్పాలంటే ఆ ఉదయం నుంచి మొదలుపెట్టాలి.

నా పేరు ప్రచండవర్మ. నీలవర్తి రాజుగారి మూడో కొడుకుని. ఆ పేరు నేను పుట్టిన రోజునే పెట్టారు కాబట్టి అందులో నా పూచీ ఏమీ లేదు. ధూమ్రకేతుడనే మాంత్రికుడు మా పెద్దన్నను కొంగగానూ, రెండో అన్నను ఉడుముగానూ మార్చాడు. ఎడారిలో వాలుకాపురమనే ఊళ్ళో మేఘశృంగమనే కొమ్ము ఉందనీ, దాన్ని ఊదితే మబ్బులు పరిగెత్తుకొస్తాయనీ, అది తెచ్చిస్తే అన్నలిద్దరినీ మళ్ళీ మనుషుల్ని చేస్తాననీ కబురు పంపాడు. సభలో అందరూ నావైపు చూశారు. నేను వెనక్కి తిరిగి చూశాను. వెనక గోడ ఉంది.

తోడుగా మంత్రికుమారుణ్ణి పంపమన్నాను. ఇలాంటి ప్రయాణాలకు మంత్రికుమారులు వెళ్ళడం ఆనవాయితీ. ఆయనకు జ్వరమన్నారు. వంటశాల నుంచి కూర్మన్నను పంపారు. కూర్మన్నకు కత్తి పట్టడం వచ్చు, కూరగాయల వరకు.

కొమ్మును వెతకడానికి కష్టపడలేదు. ఊరికి ఎగువన, ఏటి ఒడ్డున ఒక గుట్ట ఉంది. దాని పేరే కొమ్ముగుట్ట. పైన రాతి పందిరి, పందిట్లో ఒక కొక్కెం, కొక్కేనికి ఇత్తడి కొమ్ము. కావలి ఉండేది చౌడప్ప అనే ముసలాయన. ధూమ్రకేతుడు చెప్పిన ప్రకారం అక్కడ ఒక రాక్షసుడూ రెండు తలల పామూ ఉండాలి. వాటి కోసం నేను బండ చాటున కూర్చుని చాలాసేపు ఎదురుచూశాను. అవి రాలేదు. తెల్లవారాక చౌడప్ప మొహం కడుక్కోవడానికి గుట్ట వెనక్కి వెళ్ళాడు. నేను వెళ్ళి కొమ్ము తీసుకున్నాను. నా జీవితంలో ఒంటరిగా చేసిన సాహసం అదొక్కటే. ఆయన పళ్ళు తోముకోవడం పూర్తయ్యేలోగా అది ముగిసింది.

మేము గుట్ట దిగుతుండగా ఒంటెల మీద ఇద్దరు కుర్రవాళ్ళు ఏటి వెంట రావడం కనిపించింది. చౌడప్ప కొడుకులు. పారిపోవడానికి ఎడారిలో చోటుకు కొదవ లేదు, దాక్కోవడానికే చోటు లేదు. ఏట్లో మాత్రం గుడారాలున్నాయి, జనం ఉన్నారు, పొయ్యిలు మండుతున్నాయి. పెళ్ళి విడిది అని కూర్మన్న వాసన పట్టి చెప్పాడు. అందులోకి దిగాం.

ఆ దేశపు ఆచారం ఒకటి ఇక్కడ చెప్పాలి. ఎండేట్లో నీళ్ళు మూడేళ్ళకోసారి పారితే పారినట్టు. వాలుకాపురం వాళ్ళ పెళ్ళిళ్ళకు ముహూర్తం పెట్టేది ఆకాశం. శ్రావణం రాగానే, ఆ ఏడు కుదిరిన జంటలన్నీ చుట్టాలతో సహా ఏట్లోకి దిగి గుడారాలు వేసుకుంటాయి. మొదటి ఉరుము వినబడగానే ఇసుకలో గుంటలు తీసి, అంచున జంటల్ని కూర్చోబెట్టి, మోకాళ్ళ దాకా కాళ్ళు పూడ్చి, ఇసుక తడిపి తొక్కుతారు. మొహాలకు ముసుగులు కడతారు. మొదటి చినుకు ఇద్దరి తలల మీదా పడాలి. అవే తలంబ్రాలు. ఆ క్షణంలో ఇద్దరికీ ఒక్కో కాలైనా ఇసుకలో ఉంటే పెళ్ళయినట్టు. అలా పెళ్ళయిన జంటకు గుట్ట మీద నుంచి ఒక పొట్టి కూత ఊదుతారు, ఒక్కో జంటకు ఒక్కో కూత. రెండు కాళ్ళూ ముందే బయటికి తీస్తే మళ్ళీ ఏడాదికే. పూడ్చేది చుట్టాలు. తవ్వి తీయాల్సింది మాత్రం ఆ జంటే, ఒకరి కాళ్ళు ఒకరు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ముందే తెలిసి ఉంటే వేరే గుడారంలో దూరేవాణ్ణి.

పెళ్ళిలో వంటవాణ్ణి ఎవరి తరఫువాడివని ఎవరూ అడగరు. కూర్మన్న నేరుగా వంటల గుడారంలోకి వెళ్ళి, గరిటె చేతిలోకి తీసుకుని, ఉప్పు తక్కువైందన్నాడు. అక్కడివాళ్ళు ఒప్పుకున్నారు. ఆ తర్వాత గసగసాల పాయసం కాచి, వరుసలో చివరి గుడారంలో ఒంటరిగా ఉన్న మారెప్ప అనే పెళ్ళికొడుకుకి రెండు చెంబులు తాగించాడు. మారెప్ప మూడో చెంబు అడిగి నిద్రపోయాడు. అతన్ని మోసుకెళ్ళి వంటల గుడారంలో బియ్యం బస్తాల వెనక పడుకోబెట్టాం. నేను అతని అంగీ తొడుక్కుని, ఎర్ర తలపాగా చుట్టుకుని, ముసుగు కట్టుకున్నాను. కొమ్మును అంగీ కింద నడుముకు కట్టాను.

చౌడప్ప కొడుకులు గుడారంలోకి తొంగి చూశారు. నేను ముసుగు అప్పుడే కట్టేసుకోవడం చూసి, బావకు తొందరెక్కువని నవ్వుకున్నారు. తప్పిపోయిన ఒంటె ఏదైనా ఇటు వచ్చిందా అని అడిగారు. రాలేదని తల అడ్డంగా ఊపాను. ఆ రోజు నేను చెప్పిన మొదటి నిజం అది. వాళ్ళు వెళ్ళిపోయారు. కొమ్ము పోయిందన్న మాట బయటికి పొక్కితే పెళ్ళిళ్ళు ఏడాదికి వాయిదా పడతాయనీ, పెళ్ళికూతుళ్ళలో తన కూతురు ఉందనీ, అందుకే చౌడప్ప ఊరికి చెప్పకుండా ఒంటె పేరుతో కొడుకుల్ని వెతకడానికి పంపాడనీ అప్పుడు నాకు తెలియదు.

పొద్దు తిరిగేదాకా పడుకుని, వాళ్ళు అలసిపోయాక బయటపడాలని మా ఆలోచన. అంతవరకు ఆలోచన బాగానే నడిచింది. అప్పుడు ఉరిమింది.

ఉత్తరాన కాటుక కొండల మీద మబ్బు పట్టింది. ఇలాంటి చోట కథలు చెప్పేవాళ్ళు మబ్బుల్ని మదపుటేనుగులతోనూ, మెరుపుల్ని బంగారు తీగలతోనూ, ఉరుముల్ని దేవదుందుభులతోనూ పోలుస్తారు. నేను చూసినంత వరకు మబ్బులు మబ్బుల్లాగే ఉన్నాయి. కొండలు కనిపించడం మానేశాయి. వాటి చోట ఒక గోడ నిలబడి ఉంది. గోడలో మెరుపులు నిలువుగా దిగుతున్నాయి. మా నెత్తి మీద మాత్రం ఎండ కాస్తూనే ఉంది.

గుడారంలోకి ఆడవాళ్ళు ఒక గుంపుగా వచ్చారు. ముందున్నావిడ ఓబుళవ్వ, పెళ్ళికూతురి నాయనమ్మ. నన్ను చెరో రెక్కా పట్టుకుని లేవదీశారు. నేను పెనుగులాడాను. పెళ్ళికొడుకు పెనుగులాడటం శుభమట, ఇంకా గట్టిగా పట్టుకున్నారు. కూర్మన్న గరిటెతో అడ్డం రాబోయి, పులుసు మాడుతోందని ఎవరో అంటే వెనక్కి వెళ్ళిపోయాడు.

ఏట్లో ఏడు గుంటలు తీసి ఉన్నాయి. పెళ్ళికూతుళ్ళకు ఎర్ర చీరలు, గవ్వల దండలు, తలమీద నెమలి ఈకల కుచ్చులు. మెడల్లో ఒంటె గంటలు. వాళ్ళు నడిచి వస్తుంటే ఏరంతా మోగింది. చివరి గుంట దగ్గర నన్ను కూర్చోబెట్టి, నా పక్కన తిప్పక్కను కూర్చోబెట్టారు. చౌడప్ప కూతురు ఆమె. కాళ్ళు పూడ్చారు. కుండలతో నీళ్ళు పోశారు. ఆరుగురు పిల్లలు ఎక్కి తొక్కారు. ఆ తర్వాత నేను కాళ్ళు కదిలించి చూశాను. కదలలేదు.

ఆడవాళ్ళు పాట అందుకున్నారు. గాలిదుమారం ఒకటి వచ్చి ఏటి మీదుగా వెళ్ళిపోయింది. కళ్ళు తెరిచి చూసేసరికి కొమ్ముగుట్ట మీద చౌడప్ప కనిపించాడు. ఎగురుతున్నాడు. తలపాగా విప్పి గాలిలో తిప్పుతున్నాడు. చెయ్యి చాచి మావైపు చూపిస్తున్నాడు. దొంగను గుర్తుపట్టాడని నేను తల దించుకున్నాను.

ఓబుళవ్వ చప్పట్లు కొట్టింది. "కూతురి పెండ్లని సౌడప్ప ఎట్ల ఎగురుతాండాడో సూడండి. అల్లుడు సూస్తే కోడిపిల్ల మాదిరి వణుకుతాండాడు."

అందరూ గుట్టవైపు తిరిగి చేతులూపారు. చౌడప్ప ఇంకా గట్టిగా ఎగిరాడు. వీళ్ళు ఇంకా గట్టిగా ఊపారు. గుట్ట మీద కొమ్ము మోగనంత వరకు ఏట్లో భయం లేదన్నది వాలుకాపురం వాళ్ళ నమ్మకం. తాతల నాటి నుంచి అలాగే బతికారు. కొమ్ము మోగలేదు కాబట్టి కొండల మీద మబ్బు చూసి వాళ్ళకు సంతోషమే కలిగింది.

తిప్పక్క ముసుగులోంచి మెల్లగా అంది. "కాళ్ళ కింద సల్లగైతాంది."

పోసిన నీళ్ళేమోనన్నాను, నోరు తెరవకూడదన్న సంగతి మరిచిపోయి.

ఆమె నా మొహం వైపు చూడలేదు. నా చేతుల వైపు చూసింది.

"ఒంటె తాళ్ళు పట్టి పట్టి మారెప్ప అరచేతులు కాయలు కాసినాయి. నీయి వెన్నముద్ద మాదిరుండాయి. ఎవురు నువ్వు?"

నీలవర్తి రాకుమారుణ్ణన్నాను. ఇతర దేశాల్లో ఈ మాటకు వచ్చే ఫలితం ఇక్కడ రాలేదు. మారెప్ప యాడ అని అడిగింది. నిద్రపోతున్నాడన్నాను. ఆమె ఒక క్షణం ఆలోచించి, అది నిజమే అయ్యుంటుందంది.

"నీ సంగతి మళ్ళ సూస్తా. మా నాయన ఎగిరేది సంతోసానికి కాదు. ఆయప్ప తలపాగా తీసేది ఎవురన్నా పోతేనే. పైన నీళ్ళొచ్చినట్టుండాయి. అట్లయితే కొమ్మెందుకు ఊదడు?"

కొమ్ము అంచు నా పక్కటెముకలకు గుచ్చుకుంటోంది.

"ఊదలేడు," అన్నాను.

"ఏల?"

"నా దగ్గరుంది."

పాటలో ఒక చరణం అయిపోయి ఇంకోటి మొదలైంది. తిప్పక్క నన్ను తిట్టలేదు. తిట్టడానికి సమయం లేదనుకుంటాను. ఎందుకు తీశావని అడిగింది. కొంగ సంగతీ, ఉడుము సంగతీ, మేఘశృంగం సంగతీ చెప్పాను. చెబుతుంటే నాకే నమ్మకం తగ్గుతూ వచ్చింది. ఆ కొమ్ముతో మబ్బు రాదనీ, మబ్బు వచ్చాక ఊదేదే ఆ కొమ్మనీ ఆమె చెప్పింది. మూడు పొడుగు కూతలు వినబడితే ఏరు ఖాళీ చేయాలి. అంతకు మించి అందులో మహిమ ఏమీ లేదు.

"దిగువన కనమలో కోట గట్టుకున్యాడే, ఆ ధూమ్రకేతుడే గదా నిన్ను పంపింది? కొమ్ము లేకుంటే ఈ పొద్దుతో మా ఊరుండదు. ఊరు పోతే మా బావులన్నీ ఎవురివి?"

కొమ్ము మాంత్రికుడికి ఎందుకు అన్న ప్రశ్న నీలవర్తి నుంచి ఇక్కడి దాకా మూడు రాజ్యాలు దాటి వచ్చినా నాకు తట్టలేదు. ఆమెకు కాళ్ళు పూడ్చుకుని కూర్చుని ఉండగా తట్టింది.

కొమ్ము బయటికి తీస్తే నేను దొంగనని ఊరంతా చూస్తుంది. కొమ్ము నాకు దక్కదు. అన్నలు కొంగ, ఉడుముగానే ఉండిపోతారు. ఈ మూడూ లెక్క వేసుకున్నాను. ఎంతసేపు వేసుకున్నానో తెలియదు కానీ ఓబుళవ్వ నా మీద ఒక చరణం మొత్తం కట్టి పాడేసింది. అప్పుడు అంగీ ఎత్తి, కొమ్ము తీసి, ముసుగు కిందికి దూర్చి ఊదాను.

దూడ తల్లి కోసం అరిచినట్టు వచ్చింది. ఏరంతా నవ్వింది.

"అల్లునికి ఆకలయినట్టుంది," అంది ఓబుళవ్వ.

"ఇట్లియ్యి," అని తిప్పక్క నా చేతిలోంచి కొమ్ము లాక్కుంది. ముసుగు చింపేసుకుంది. తండ్రి దగ్గర చిన్నప్పుడు నేర్చుకున్నట్టుంది, ఒక పొడుగు కూత ఊదింది. నవ్వులు ఆగిపోయాయి. రెండో కూతకు అందరూ లేచి నిలబడ్డారు. మూడో కూత పూర్తయ్యేసరికి జనం ఒడ్డువైపు నడుస్తున్నారు.

కొమ్ము గుట్ట మీద కాకుండా పెళ్ళికూతురి చేతిలో ఎందుకుందని ఒక్కరూ అడగలేదు. పాట మాట మధ్యలో తెగింది. చేతికందిన పిల్లను అందినవాళ్ళు ఎత్తుకున్నారు. గుడారాలూ, పాత్రలూ, నగల పెట్టెలూ ఉన్నచోటే ఉండిపోయాయి. మిగతా ఆరు జంటలూ చినుకు పడకముందే ఒకరి కాళ్ళు ఒకరు తవ్వి తీసుకుని పరిగెత్తాయి. తిప్పక్క ఊదుతూ ఉండిపోయింది కాబట్టి మేము వెనకబడ్డాం.

నేను ఆమె కాళ్ళ దగ్గర తవ్వడం మొదలుపెట్టాను. దీన్ని తర్వాత కొందరు త్యాగమన్నారు. నిజానికి ముందు నా కాళ్ళు తీసుకోవచ్చన్న ఆలోచన నాకు రాలేదు. చేతుల ముందున్న ఇసుక తవ్వాను. ఆమె కుడికాలు వచ్చింది. ఎడమకాలు చీలమండ దాకా బయటపడింది కానీ మడమ పట్టుకుపోయింది. ఎండ పోయింది. తడిమట్టి వాసన వచ్చింది. ఆమె నా వైపు వంగి తనూ తవ్వుతోంది. మా తలలు రెండూ దగ్గరగా ఉన్నాయి.

చినుకు ఒకటి నా తలపాగా మీద పడింది. అదే సమయంలో ఆమె పాపిట్లో ఒకటి పడింది. తిప్పక్క చేతులు ఆగాయి. తన ఎడమకాలి వైపు చూసింది. నా కాళ్ళ వైపు చూసింది.

"పడింది," అంది.

"ఏమిటి?" అన్నాను.

"తవ్వు," అంది.

ఆమె కాలు ఊడి వచ్చింది. నావి రెండూ ఆమే తీసింది, నేను తవ్వినదానికంటే చాలా వేగంగా. అప్పటికి ఎగువన చప్పుడు మొదలైంది. బండలు ఒకదానికొకటి కొట్టుకుంటున్న చప్పుడు. నేను ఆమెను ఒడ్డుకు పొమ్మని ఆజ్ఞాపించాను. నా నోట ఆజ్ఞ రావడం అదే మొదటిసారి. ఆమె అప్పటికే వెళుతోంది. కూలిన గుడారం గుంజకు చీర చిక్కుకుని ఆగిపోయిన ఓబుళవ్వను వీపు మీద వేసుకుని, కొమ్మును పళ్ళతో పట్టుకుని ఒడ్డెక్కింది.

నేను కూడా ఒడ్డువైపు బయలుదేరాను. సగం దూరం వెళ్ళాక మారెప్ప గుర్తొచ్చాడు.

వంటల గుడారంలో కూర్మన్న మారెప్ప మొహాన మజ్జిగ కొడుతున్నాడు. మారెప్ప పెదాలు నాకి మళ్ళీ నిద్రపోయాడు.

"నాను పారిపోదునే బాబూ. ఈ నాయిన్ని పండబెట్టింది మనవే కదా, ఒగ్గీడానికి కాళ్ళు రానేదు," అన్నాడు కూర్మన్న.

ఇద్దరం చెరోవైపు పట్టాం. మోసుకుంటూ ఒడ్డు చేరలేమని గుడారం బయటికి రాగానే తెలిసింది. ఎండేరు వంపు తిరిగే చోట ముందు నీళ్ళు కనిపించలేదు. తుమ్మకంపలు కనిపించాయి. ఒడ్డు నుంచి ఒడ్డు దాకా, మనిషెత్తున, దొర్లుకుంటూ వస్తున్నాయి. వాటిలో ఒక తలుపు ఉంది, ఒక బండి చక్రం ఉంది, ప్రాణంతో ఉన్న మేక ఒకటి ఉంది. కంపల వెనక నురుగు, నురుగు వెనక మట్టిరంగు నీళ్ళు.

పొయ్యి మీద అన్నం వండే గంగాళం ఉంది. రెండు వందల మందికి వండే గంగాళం. కూర్మన్న దాన్ని కాలితో తన్ని అన్నం ఒలకబోశాడు. ఆ పని చేసేటప్పుడు అతని కళ్ళల్లో నీళ్ళు చూశాను. మారెప్పను అందులో పడేశాం. మేమూ ఎక్కాం. గంగాళం అడుగు ఇంకా కాలుతోంది. వరద వచ్చి తగిలినప్పుడు ఆ సంగతి మరిచిపోయాం.

గంగాళం మొదట గుండ్రంగా తిరిగింది. తర్వాత కూడా తిరిగింది. ఒక చుట్టులో తూర్పు ఒడ్డు కనిపించేది, ఇంకో చుట్టులో పడమటి ఒడ్డు. వాన మొదలైంది. కూర్మన్న మూతను తెడ్డులాగా వాడాడు, నేను అతనికి సలహాలిచ్చాను. తుమ్మకంప ఒకటి నా తలపాగా తీసుకుపోయింది. నేను పట్టుకున్న మేక గంగాళంలోకి వచ్చింది. దాన్ని కాపాడానని చెప్పలేను, ఏదో ఒకటి పట్టుకోవాలని పట్టుకున్నాను.

తూర్పు ఒడ్డు మీద జనం వరుసగా నిలబడి కనిపించారు. గుట్ట దిగి పరిగెత్తుకొచ్చిన చౌడప్ప తలపాగా లేకుండా మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. లెక్కపెట్టడానికి నాకు వీలు కాలేదు. ఏట్లో ఉన్నవాళ్ళలో మేము ముగ్గురం తప్ప అందరూ ఒడ్డెక్కారని చాలా రోజుల తర్వాత చౌడప్ప నోటనే విన్నాను. గుడారాలు ఒక్కటీ మిగల్లేదట.

వాన మొహాన కొట్టడంతో మారెప్ప కళ్ళు తెరిచాడు. ఆకాశాన్ని చూశాడు. మేకను చూశాడు. నా ఒంటి మీదున్న తన అంగీని చూశాడు.

"సినుకు పడిందా?" అని అడిగాడు.

"పడినాది బాబూ," అన్నాడు కూర్మన్న.

"అయితే పెండ్లి అయిపాయనా?"

"అయినాది."

"ఎవురికి?"

కూర్మన్న నావైపు చూశాడు. నేను నీళ్ళవైపు చూశాను.

ఒడ్డు మీద నుంచి కొమ్ము మోగింది. ఒక పొట్టి కూత. మారెప్ప చెయ్యెత్తి మమ్మల్ని మాట్లాడవద్దన్నాడు. చెవి ఒగ్గి విన్నాడు.

"ఇంగా ఆరు మోగాల," అన్నాడు.

మేము విన్నాం. ఏరు వంపు తిరిగింది. ఒడ్డూ, జనమూ కనిపించడం మానేశారు. రెండు కొండల మధ్య కనమ వచ్చింది, కనమకు అడ్డంగా కోటగోడ, గోడ అడుగున నీళ్ళు పోయే ద్వారం. ద్వారం ఎత్తి ఉంది. పైన దీపం పట్టుకుని ఒకరు నిలబడి ఉన్నారు. గంగాళం లోపలికి వెళ్ళింది. మా వెనక ద్వారం దిగింది.

రెండో కూత మోగలేదు.